కంప్యూటర్ హ్యాంగ్ అయిందా? పవర్ బటన్ నొక్కే ముందు ఈ ట్రిక్ ట్రై చేయండి.. ఓపెన్ చేసిన ఫైల్స్ అలాగే ఉంటాయ్!

టాస్క్‌బార్ కదలదు. స్టార్ట్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మాయం. పక్కనే చూస్తే సేవ్ చేయని ఎక్సెల్ షీట్, బ్రౌజర్‌లో సగం నింపిన అప్లికేషన్ ఫారం! ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని.. పవర్ బటన్‌ను అలాగే నొక్కి పట్టుకోవడం. సిస్టమ్ ఆఫ్ అవుతుంది, దాంతోపాటే చేసిన పని కూడా పోతుంది. చాలా సందర్భాల్లో అంత దూరం వెళ్లక్కర్లేదు. సిస్టమ్‌ను కదిలించకుండా డెస్క్‌టాప్‌ను మాత్రమే రీస్టార్ట్ చేసుకోవచ్చు. పట్టే టైమ్ కొన్ని సెకన్లే.

అసలు ఆగిపోయింది ఏంటి?

1995లో వచ్చిన విండోస్ 95 నుంచి స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ మనకు అలవాటే. వీటిని, డెస్క్‌టాప్ ఐకాన్లను, ఫోల్డర్ విండోలను నడిపించేది ‘విండోస్ ఎక్స్‌ప్లోరర్’ అనే ప్రోగ్రామ్. వర్డ్, ఎక్సెల్, క్రోమ్ లాంటివి దీంతో సంబంధం లేకుండా విడిగా నడుస్తాయి. అందుకే ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే మొరాయించినా మొత్తం కంప్యూటరే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. వెనకాల మాత్రం మీ ఫైల్స్ ఓపెన్‌లోనే ఉంటాయి.

ఎలా రీస్టార్ట్ చేయాలి?

విండోస్ 10, విండోస్ 11 రెండింటిలోనూ పద్ధతి ఒకటే. ఈ స్టెప్స్‌ను ఫోన్‌లో ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి.

1. మీరు పనిచేస్తున్న ఫైల్ స్క్రీన్ మీద కనిపిస్తుంటే ముందు కంట్రోల్, ఎస్ నొక్కి సేవ్ చేయండి.

2. కీబోర్డ్‌పై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ ఓపెన్ అవుతుంది. కాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, వచ్చిన లిస్ట్‌లో టాస్క్ మేనేజర్ సెలెక్ట్ చేయండి.

3. విండో చిన్నగా కనిపిస్తే ‘మోర్ డీటెయిల్స్’పై క్లిక్ చేయండి.

4. ప్రాసెసెస్ లిస్ట్‌లో ‘విండోస్ ఎక్స్‌ప్లోరర్’ ఎక్కడుందో చూడండి. ఫోల్డర్లు ఏవైనా ఓపెన్‌లో ఉంటే పైన, లేకపోతే లిస్ట్ కింది భాగంలో ఉంటుంది.

5. దానిపై రైట్ క్లిక్ చేసి ‘రీస్టార్ట్’ నొక్కండి.

టాస్క్‌బార్ ఒక్కసారి మాయమై మళ్లీ వస్తుంది. కంగారు పడకండి, అలాగే జరగాలి.

టాస్క్‌బార్ తిరిగి రాకపోతే?

ఒక్కోసారి రీస్టార్ట్ బదులు ‘ఎండ్ టాస్క్’ నొక్కేస్తుంటారు. అప్పుడు ఐకాన్లు, టాస్క్‌బార్ లేకుండా ఖాళీ స్క్రీన్ మిగులుతుంది. మళ్లీ టాస్క్ మేనేజర్ తెరిచి ‘రన్ న్యూ టాస్క్’ ఆప్షన్ క్లిక్ చేయండి. విండోస్ 10లో ఇది ఫైల్ మెనూలో ఉంటుంది, విండోస్ 11 కొత్త వెర్షన్లలో పైనే కనిపిస్తుంది. వచ్చిన బాక్స్‌లో ఇంగ్లిష్‌లో ‘ఎక్స్‌ప్లోరర్’ అని టైప్ చేసి ఎంటర్ కొడితే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

ఈ ఒక్క జాగ్రత్త మర్చిపోవద్దు

పెన్‌డ్రైవ్‌లోకో, హార్డ్‌డిస్క్‌లోకో ఫైల్స్ కాపీ అవుతుంటే మాత్రం ఆగండి. ఆ కాపీ పని చేసేది కూడా ఎక్స్‌ప్లోరరే కాబట్టి రీస్టార్ట్ చేస్తే మధ్యలోనే ఆగిపోతుంది. ఓపెన్ చేసిన ఫోల్డర్ విండోలు కూడా క్లోజ్ అవుతాయి. బ్రౌజర్‌లో జరుగుతున్న డౌన్‌లోడ్‌కు మాత్రం ఇబ్బంది ఉండదు.

ఏ సమస్యకు ఏం చేయాలి?

డెస్క్‌టాప్ బాగానే ఉండి, ఒక్క యాప్ పేరు పక్కన మాత్రమే ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంటే సమస్య ఆ యాప్‌లోనే ఉంది. ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ దానికి పనిచేయదు. కొన్ని నిమిషాలు ఆగి చూడండి, అప్పటికీ కదలకపోతే ఆ యాప్‌కు ఎండ్ టాస్క్ ఇవ్వండి. అందులో సేవ్ చేయనిది పోవచ్చు. వర్డ్, ఎక్సెల్‌లో ఆటో రికవర్ ఆన్‌లో ఉంటే సాధారణంగా 10 నిమిషాలకోసారి కాపీ దాచుకుంటాయి కాబట్టి, మళ్లీ ఓపెన్ చేసినప్పుడు కొంతైనా దొరికే ఛాన్స్ ఉంది.

స్క్రీన్ నల్లగా అయిపోయినా, బొమ్మ చెదిరినట్టు కనిపించినా విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కీలు కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. స్క్రీన్ ఒక్కసారి మినుక్కుమని, బీప్ సౌండ్ వినిపించవచ్చు. దీనికి కూడా యాప్స్ క్లోజ్ కావు.

మౌస్ కదలక, కంట్రోల్, ఆల్ట్, డిలీట్‌కు కూడా రెస్పాన్స్ లేకపోతే కాసేపు ఆగి చూడండి. ఇక లాభం లేదనుకుంటేనే పవర్ బటన్ జోలికి వెళ్లాలి.

మ్యాక్ వాడేవాళ్లకు..

మ్యాక్‌లో ఫోల్డర్లు, డెస్క్‌టాప్ ఐకాన్లు చూసుకునేది ‘ఫైండర్’. కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ కీలు నొక్కి, లిస్ట్‌లో ఫైండర్ సెలెక్ట్ చేసి ‘రీలాంచ్’ క్లిక్ చేస్తే సరిపోతుంది.

తరచూ ఇదే ప్రాబ్లమ్ వస్తోందా?

రోజూ ఎక్స్‌ప్లోరర్ ఆగిపోతుంటే ఈ ట్రిక్ తాత్కాలిక ఉపశమనమే. ఈమధ్య ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందేమో చూడండి. ముఖ్యంగా రైట్ క్లిక్ మెనూలో తన ఆప్షన్లు చేర్చుకునే యాప్స్ వల్ల ఇలా జరుగుతుంటుంది. దాన్ని తీసేసి చూస్తే విషయం తేలిపోతుంది.

అలాగని అసలు రీస్టార్టే వద్దని కాదు. విండోస్ అప్‌డేట్స్ పూర్తి కావాలంటే చాలాసార్లు రీస్టార్ట్ తప్పదు. ఇంకో విషయం.. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న సిస్టమ్స్‌లో షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు. అందుకే పని మొత్తం సేవ్ చేసుకున్నాక, షట్‌డౌన్ బదులు ‘రీస్టార్ట్’ ఆప్షనే ఎంచుకోండి.