రెండు చేతులకు రెండు మీటల పలకలు

సూదియు దారమును నేర్పుతో నడపు చేతులకు విద్యుత్పరికరముల పని అసాధ్యమని తలపరాదు. ఇంటనుండియే కంప్యూటరుపై వ్రాతపని చేసి ధనమార్జించు స్త్రీలు నేడు పెక్కండ్రు. వారిలో మణికట్టు నొప్పిచే బాధపడువారును గలరు. అట్టివారు పరిశీలింపదగిన వస్తువు, రెండు ముక్కలుగా నుండు చిన్న కీబోర్డు.

సామాన్యమైన కీబోర్డునందు మీటల వరుసలు ఏటవాలుగా నుండును. 1874వ సంవత్సరమున అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షోల్సు టైపుయంత్రమున, మీటలక్రింది కమ్ములకు చోటు చాలుటకై చేసిన యమరిక యిది. కమ్ములు పోయినను వంకర పోలేదు. చేతులు రెండును ఇరుకున జేరుటవలన మణికట్లు ప్రక్కకు వంగును. పలక రెండైనచో ఒక్కొక్కదానిని భుజమున కెదురుగా నుంచుకొని, ముంజేతిని తిన్నగా చాపి వ్రాయవచ్చును.

జపాను దేశీయు డొకడు రూపొందించి, పటములను ఎల్లరకు ఉచితముగా నొసగిన ‘కోర్నె’ యిట్టిదే. చేతికి 21 చొప్పున 42 మీటలు. విడిభాగములు కొని యింటనే కూర్చుకొనవచ్చును. ప్రతిమీటకు వేరు తీగ యక్కరలేదు. బట్టలో పడుగుపేకలవలె 6 నిలువు తీగలును 4 అడ్డతీగలును కలియుచోట్ల మీటలుండును; 10 తీగలతో 21 మీటలు పనిచేయును. అయితే మూడు మీటలు ఒక్కసారి నొక్కినపుడు, నొక్కని నాల్గవదియు నొక్కబడినట్లు యంత్రము భ్రమపడవచ్చును. విద్యుత్తును ఒకే దిక్కునకు పోనిచ్చు డయోడు, మీట కొక్కటి చొప్పున, ఈ భ్రాంతిని వారించును. డయోడుపై గీత పలకమీది గుర్తుతో సరిపోవలెను. తిరుగబడినచో ఆ మీట మూగవోవును.

మాటు వేయునపుడు వేడిమొనను తీగకును పలకకును ఒక్కసారి తాకించి, రెండును కాగిన పిదప మాటుతీగ నందింపవలెను. మొనపై కరగించి పూసిన మాటు నిలువదు. గాలి వచ్చు గదిలో, బిడ్డలకు దూరముగా చేయవలెను. మాటులో సీసముండవచ్చును గనుక చేతులు కడుగక అన్నము ముట్టరాదు. రెండు పలకలను కలుపు తీగను, కంప్యూటరు తీగ ఊడదీసిన పిమ్మటనే తగిలింపవలెను; లేనిచో లోని కంట్రోలరు చెడవచ్చును.

42 మీటలు చాలునా యందురేమో. ఒక్క హల్లే గుణింతమున పెక్కు రూపములు దాల్చునట్లు, బొటనవ్రేలి మీట నొక్కి పట్టినపుడు అక్షరముల మీటలే అంకెలగును. ఏ మీట యే పని చేయవలెనో క్యూఎంకే అను ఉచిత ప్రోగ్రాముతో మనమే నిర్ణయింపవచ్చును. తెలుగు ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులలోను గుణింతపు గుర్తులలోను అధికభాగము ఎడమచేతికి, హల్లులలో అధికభాగము కుడిచేతికి వచ్చును. రెండు పలకల కిది చక్కగా నప్పును. కాని డకారము ‘జ’కు కుడిప్రక్కన నుండును. కోర్నెలో ఆ మూల మామూలుగా చెరిపివేయు మీట యుండును. దానిని బొటనవ్రేలికి మార్చి, ‘డ’కు చోటీయవలెను.

మొదటి కొన్ని వారములు వ్రాతవేగము తగ్గును. పని త్వరగా నీయవలసిన దినములలో పాత కీబోర్డును దాచియుంచుట మేలు. ఇది నొప్పికి మందు కాదు. వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నచో వైద్యునకు చూపవలెను.

అయినను, చెడిన మీటను తానే తీసి క్రొత్తదానిని మాటు వేయగల స్త్రీకి, జీవనాధారమైన పని యొక చిన్న మీటకొరకు నిలిచిపోదు. ఆ స్వాతంత్ర్యము కొన్ని సాయంకాలముల శ్రమకు తగిన ఫలమే.