పాట ఖర్చు మాటల మీద పడింది!

తెర మీద కథానాయిక కొబ్బరిచెట్ల నడుమ పరుగెత్తుకొస్తుంది. హాల్లో మీరు ఈల వేస్తారు. అదే హాల్లో, వెనక వరసలో, నాలాంటివాడొకడు “ఈ ఒక్క పరుగుకీ జనరేటరు వ్యాను ఎన్నిసార్లు కదిలిందో!” అని వేళ్ళు మడుస్తూ వుంటాడు. ఏం చేస్తాం? ప్రొడక్షన్ లెక్కలు రాసేవాడి బుద్ధి అంతే!

తారల కబుర్లు వారం వారం చదువుతూనే వున్నారుగా, ఈసారి కాస్త డబ్బు కబురు వినండి. ఇందులోనూ హీరో వున్నాడు, విలనూ వున్నాడు. చిక్కల్లా ఆ విలన్ని నేనే కావడం!

అల్లవరంలో మకాం

అమలాపురం నుంచి అల్లవరం దారి పట్టారా, ఇక కాలవలూ కొబ్బరితోటలే. ఇంకా ముందుకెళితే బెండమూర్లంక దగ్గర వైనతేయ గోదావరి, ఓడలరేవు దగ్గర సముద్రం. కెమెరా ఎటు తిప్పినా ఫ్రేమే! ఒక చిన్న సినిమా కోసం పదిరోజుల షెడ్యూలు వేసుకుని మా యూనిట్ అక్కడ దిగింది. సినిమా పేరూ, నిర్మాతగారి పేరూ మాత్రం అడక్కండి.

తీయాల్సినవి రెండు. ఒకటి, తెర మీద నాలుగు నిమిషాలుండే డ్యూయెట్. రెండు, రేవు దగ్గర తల్లీకొడుకుల సీన్లు, పదహారు నిమిషాలు. తల్లి వేషం ఆ చుట్టుపక్కల నాటకాలాడే ఒక పెద్దావిడది. నలభై ఏళ్ళు స్టేజీ మీద ఏడ్చి, ఏడిపించిన మనిషి. కెమెరా ముందుకు రావడం మాత్రం అదే మొదలు.

షూటింగుకు రెండు రోజుల ముందు నిర్మాతగారు అంచనా చూపించమన్నారు. నటీనటుల పారితోషికాలతో పేచీ లేదు, ఎవరి ఖాతా వాళ్ళదే. పేచీ అంతా ఉమ్మడి ఖర్చుతో. వ్యాన్లు, జనరేటరు, బసలు, భోజనాలు. అసలు అంకెలు చెప్పడం మర్యాద కాదు గనక గుండ్రంగా ఇరవై లక్షలనుకోండి. తెర మీద ఇరవై నిమిషాలు కదా, నిమిషానికి లక్ష చొప్పున పంచేశాను. పాటకి నాలుగు లక్షలు, టాకీ సీన్లకి పదహారు లక్షలు! ఆ నిష్పత్తి ఒకసారి లాప్‌టాప్‌లో పెట్టాక ఇక నా చెయ్యి అవసరం లేదు. ఏ బిల్లు పడేసినా ఇరవై, ఎనభై పాళ్ళుగా అదే చీల్చేస్తుంది.

నిర్మాతగారు కాయితం చూసి గతుక్కుమన్నారు. “ఓ ముసలమ్మ ఏడుపుకి పదహారు లక్షలా? సగం కొట్టెయ్యండి!”

సాయంత్రం ఆవిడ నా దగ్గరకొచ్చి, “నా సీన్లు వున్నట్టేనా బాబూ?” అనడిగారు. ఏం చెప్పను? కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పడవ తాత చెప్పిన పాఠం

మర్నాడు పొద్దున్నే పడవ మాట్లాడ్డానికి రేవుకెళ్ళాను. పాటకైనా, సీనుకైనా రోజుకింత అని ఒకటే రేటు చెప్పాను. పడవ తాత చుట్ట పక్కన పెట్టాడు.

“సీనులో ఆ తల్లి ఎన్నిసార్లు దాటుద్దండీ?”

“ఒక్కసారే.”

“మరి పాటలోనండీ?”

“ఓ ఏడెనిమిది సార్లు.”

“అయితే రెంటికీ ఒకటే కూలంటే ఎలాగండీ బాబూ? కొబ్బరి దింపుకి చెట్టుకింతని ఇత్తాం. ఒలుపుకి కాయకింతని ఇత్తాం. తోట మొత్తానికి ఇంతని గుండుగుత్తగా పంచేత్తామా? పనెక్కడుంటే డబ్బక్కడికే పోవాలి కదండీ, ఆయ్!”

నా నెత్తి మీద కొబ్బరికాయ పడ్డట్టయింది! ఈ సంగతే హార్వర్డ్ ప్రొఫెసర్లు రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ 1980ల చివర్లో ఫ్యాక్టరీల లెక్కలు తిరగేసి చెప్పారు. దానికి యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అని పేరు. ఖర్చుని ముందు సరుకు మీద కాదు, పని మీద రాయాలి. ఆ పనిని ఎవరు ఎంత వాడుకున్నారో లెక్కపెట్టి, ఆ కొలత ప్రకారం సరుకు మీద వేయాలి. ఆ కొలతనే కాస్ట్ డ్రైవర్ అంటారు. వ్యాను డ్రైవరు కాదు సుమండీ!

రాత్రంతా కూర్చుని

ఆ రాత్రి మళ్ళీ మొదలెట్టాను. ఇరవై లక్షల్నీ మూడు పనులుగా విడగొట్టాను.

మొదటిది మకాం మార్చడం. సామాను ఎక్కించి, దించి, ఒక లొకేషను నుంచి ఇంకో లొకేషనుకి పోవడానికి 8 లక్షలు. మొత్తం 10 మార్పులు. అంటే మార్పుకి 80 వేలు. ఇందులో పాటకి 7, సీన్లకి 3.

రెండోది బస, భోజనం. 9 లక్షలు. డాన్సర్లతో కలిపి పాటకి 120 మంది, అయిదు రోజులు. సీన్లకి 60 మంది, అయిదు రోజులు. మనిషికి రోజుకి వెయ్యి చొప్పున పాటకి 6 లక్షలు, సీన్లకి 3.

మూడోది జనరేటరు, లైట్లు. 3 లక్షలు. 60 గంటల్లో పాటకి 40, సీన్లకి 20.

కూడితే? పాటకి 13 లక్షల 60 వేలు. సీన్లకి 6 లక్షల 40 వేలు. మొత్తం అదే ఇరవై లక్షలు, పైసా తేడా లేదు. కానీ కథ తలకిందులైపోయింది! పాట నిమిషానికి 3 లక్షల 40 వేలు. పెద్దావిడ నిమిషానికి 40 వేలే. ఇన్నాళ్ళూ పాట ఖర్చు మాటల మీద వేసి, మాటల్ని తిడుతున్నామన్నమాట.

హాలీవుడ్‌లోనూ ఇదే గొడవ

ఇది చిన్న సినిమాల అమాయకత్వమే అనుకోకండి. 1988లో ఎడ్డీ మర్ఫీ నటించిన ‘కమింగ్ టు అమెరికా’ ప్రపంచమంతటా 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ కథకి మూలం తనదేనంటూ ఆర్ట్ బుచ్వాల్డ్ అనే రచయిత పారామౌంట్ సంస్థ మీద కోర్టుకెక్కి 1990లో నెగ్గాడు. తీరా నికర లాభంలో వాటా అడిగితే, లాభమే లేదన్నారు! అసలు ఖర్చుతో నిమిత్తం లేకుండా, ప్రకటనల ఖర్చు మీద పదిశాతం ఓవర్‌హెడ్ వేయడంలాంటి షరతులు అన్యాయమని అదే ఏడాది చివర్లో జడ్జి తేల్చాడు. 1992లో బుచ్వాల్డుకీ, అతని భాగస్వామి నిర్మాతకీ కలిపి తొమ్మిది లక్షల డాలర్లు ఇవ్వమన్నారు. 1995లో రాజీ కుదిరింది. చూశారా, పంపకం లెక్క ఎవరి జేబు కొడుతుందో!

యంత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు ఇదంతా చేతిరాత పద్దుల్లో చేయనక్కర్లేదు. బెంగుళూరులో 1986లో పుట్టిన ట్యాలీలో, ఏ ఖర్చు ఏ విభాగానిదో గుర్తు పెట్టుకోవడానికి కాస్ట్ సెంటర్లున్నాయి. హాలీవుడ్‌లో బడ్జెట్ల కోసం మూవీ మ్యాజిక్ వాడతారు. పని లెక్కల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లలో చూడాల్సింది నాలుగు గుణాలు. బిల్లు పడగానే అది ఏ పనిదో రాసుకోవాలి. ఒక్కో పనికీ దాని కొలత విడిగా వుండాలి. ఏ అంకె నొక్కినా దాని వెనకున్న బిల్లు కనబడాలి. “ఏడు మార్పులు నాలుగైతే?” అనడిగితే అక్కడికక్కడే జవాబు చెప్పాలి.

అంతమాత్రాన యంత్రాన్ని దేవుణ్ణి చేయకండి. అది అబద్ధమాడదు గానీ, మనం చెప్పిన అబద్ధాన్ని అందంగా అచ్చువేస్తుంది. నా ఇరవై, ఎనభై పాళ్ళే సాక్ష్యం! వాన పడి యూనిట్టంతా ఖాళీగా కూర్చున్న రోజు ఖర్చుని పాట మీదా వేయకూడదు, సీను మీదా వేయకూడదు. “ఖాళీ” అని విడిగా రాయాలి. లేకపోతే వాన తప్పు కూడా పెద్దావిడదే అవుతుంది.

మర్నాడు

“అయితే పాట తీసెయ్యమంటావా?” అన్నారు నిర్మాతగారు.

“వద్దండీ, పాట లేకపోతే కుర్రాళ్ళు రారు. ఖర్చెంతో చెప్పగలను గానీ విలువ చెప్పలేను. లొకేషను మార్పులు మాత్రం తగ్గిద్దాం.”

1967లో బాపుగారు తన తొలిచిత్రం ‘సాక్షి’ని చాలావరకు పులిదిండి గ్రామంలోనే తీశారు. ఒక్క వూళ్ళో కుదురుకుంటే సామాను వూళ్ళు తిరగదు కదా! డైరెక్టరుగారు షాట్లు కలిపి, ఓడలరేవువన్నీ ఒకచోట, తోటలవన్నీ ఒకచోట పెట్టారు. ఏడు మార్పులు నాలుగయ్యాయి. కాయితం మీద 2 లక్షల 40 వేలు మిగలాలి. చేతికి అంత రాలేదనుకోండి. నెలజీతాల వాళ్ళకి వ్యాను కదిలినా, కదలకపోయినా జీతమివ్వాల్సిందేగా! డీజిలూ, కూలీ మాత్రం తగ్గాయి. పడవ తాతకి తిప్పకింత చొప్పున కట్టాం.

పెద్దావిడ సీన్లు ఒక్కటీ పోలేదు. అమలాపురంలో సినిమా చూశాను. పాటకి ఈలలు పడ్డాయి. రేవులో ఆ తల్లి కొడుకు చెయ్యి వదిలే చోట హాలంతా చడీచప్పుడు లేదు. ముందు వరసలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినబడింది.

నిమిషానికి 40 వేలు!