విండోస్ 8: స్టార్ట్ బటన్ తీసేస్తే ఏమైంది?

డెస్క్‌టాప్‌కీ ట్యాబ్లెట్‌కీ ఒకే ఓఎస్ అంటూ 2012 అక్టోబర్ 26న మైక్రోసాఫ్ట్ విండోస్ 8 రిలీజ్ చేసింది. విండోస్ 95 నుంచి ఎడమ మూలన ఉన్న స్టార్ట్ బటన్ మాయం. పీసీ ఆన్ చేస్తే స్క్రీన్ నిండా రంగురంగుల టైల్స్!

చాలామంది మొదటి డౌట్ ఒకటే: షట్ డౌన్ ఎక్కడ? మౌస్‌ని కుడి మూలకి తీసుకెళ్తే చార్మ్స్ బార్ వస్తుంది. అందులో సెట్టింగ్స్, అందులో పవర్, ఆ తర్వాతే షట్ డౌన్. ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది చెప్పండి? కొత్తది నేర్చుకోవడానికి జనానికి బద్ధకం అన్నవాళ్లూ ఉన్నారు. నేనైతే ఒప్పుకోను. వేలితో అంచు నుంచి స్వైప్ చేయడం ట్యాబ్లెట్‌లో ఈజీనే. మౌస్ పట్టుకున్నవాళ్లకి ఆ అంచులో ఏదో ఉందన్న క్లూ కూడా లేదు.

నిజానికి ట్యాబ్లెట్‌లో ఇది బాగుండేది. రెండు యాప్స్ పక్కపక్కన పెట్టుకోవడం ఐప్యాడ్‌కి 2015లో గానీ రాలేదు, ఇందులో మొదటి రోజు నుంచే ఉంది. కానీ డెస్క్‌టాప్ యూజర్ల గోల ముందు దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. పాత మెనూ కోసం క్లాసిక్ షెల్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్లు వేసుకున్నారు.

2013 అక్టోబర్‌లో 8.1తో బటన్ తిరిగొచ్చింది. సంబరపడి నొక్కితే మళ్లీ అవే టైల్స్! అసలు మెనూ కోసం 2015లో విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది.