పేరు ఆమెది... పువ్వు ఆ కొండది

చిన్నప్పుడు తెలుగు వాచకంలో నెమలీక, ఆ పక్క పేజీలో ఓ గులాబీ రెక్క దాచుకోని వాళ్లు మనలో ఎంతమంది ఉంటారు! నాలుగు రోజులకి రంగు పోయి పల్చటి కాగితంలా మిగిలిన ఆ రెక్కని చూసి ఎంత మురిసిపోయేవాళ్లమో. అదే పని పద్ధతిగా చేసి దాచిపెట్టే చోటుని హెర్బేరియం అంటారు.

మొక్కని పువ్వుతో సహా పాత పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెడతారు. చెమ్మ పీల్చిన కాగితాలు తీసేసి పొడివి మారుస్తూ ఉంటారు. ఎండాక దళసరి కాగితానికి అంటించి మూలన ఓ చీటీ పెడతారు. లిల్లీలతో మాత్రం పెద్ద తంటా! దుంప ఉల్లిపాయలా కండపట్టి ఉంటుంది, కోస్తే గాని త్వరగా ఎండదు. రంగు ఎలాగూ నిలవదు. అందుకే చీటీకంత విలువ. ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ తేదీ, ఎవరు కోశారు, పచ్చిగా ఉన్నప్పుడు ఏ రంగు... ఇవన్నీ రాయకపోతే అది వట్టి ఎండుగడ్డే.

అన్నట్టు, మనం పెళ్లి దండల్లో గుచ్చే లిల్లీ అసలు లిల్లీయే కాదు. మెక్సికో నుంచి వచ్చిన మొక్క. మన అడవుల్లో ఎర్రగా, పచ్చగా మంటలా పూసే అడవినాభి కూడా లిల్లీ జాతి కాదు. పైగా ఒళ్లంతా విషం, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. దక్షిణాదిలో నిఖార్సైన అడవి లిల్లీ నీలగిరి లిల్లీ ఒక్కటే. పడమటి కనుమల్లో తెల్లగా, బాకాలా పూస్తుంది. దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1819లో మద్రాసు వచ్చిన స్కాట్లండ్ డాక్టర్ రాబర్ట్ వైట్. ఆయన దగ్గర మొక్కల బొమ్మలు గీసినవాళ్లు రంగయ్య, గోవిందు. పేర్లు వింటే మనవాళ్లలా లేరూ!

ఇక అసలు కథ మణిపూర్‌ది. ఉఖ్రుల్ దగ్గర 2,800 మీటర్లకు పైగా ఎత్తున్న షిరూయ్ కొండ ఉంది. 1946లో మొక్కల వేటగాడు ఫ్రాంక్ కింగ్డన్ వార్డ్ కంట పడిందక్కడ, లేత గులాబీ రంగులో తలొంచుకునే ఓ లిల్లీ. మరుసటి ఏడాది ఆయన జీన్ మాక్లిన్‌ని పెళ్లాడాడు. 1949లో ఆ పువ్వుకి శాస్త్రజ్ఞుడు సీలీ పెట్టిన పేరు లిలియమ్ మాక్లినియే. అంటే జీన్ పుట్టింటి పేరు! ఆవిడేమీ భర్త చాటున ఉండిపోయిన మనిషి కాదు. ఆయనతో పాటు కొండలెక్కింది. 1950 ఆగస్టు 15న అస్సాం మహా భూకంపం వచ్చినప్పుడు ఇద్దరూ టిబెట్ సరిహద్దులో గుడారం వేసుకుని ఉన్నారు. బతికి బయటపడి, 'మై హిల్ సో స్ట్రాంగ్' అనే పుస్తకం రాసింది.

బాగానే ఉంది. కానీ ఆ కొండ కింద తరతరాలుగా ఉన్న తంగ్‌ఖుల్ నాగాలు ఆ పువ్వుని కషోంగ్ తిమ్రావోన్ అని పిలుచుకుంటారు. ప్రపంచం రాసుకున్న పేరు మాత్రం బొంబాయి హైకోర్టు జడ్జిగారమ్మాయిది. జీన్ మీద కోపం లేదు గాని, ఈ సంగతి నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

1989లో దాన్ని మణిపూర్ రాష్ట్ర పుష్పం చేశారు. 2017 నుంచి దాని పేరిట ఉత్సవం మొదలైంది. అల్లర్ల వల్ల 2023, 2024లలో ఆగి, 2025లో మళ్లీ జరిగింది. జనం పెరిగేకొద్దీ పువ్వులు తెంపేవాళ్లూ పెరిగారు. పొట్టి వెదురు కూడా కొండ మీద అల్లుకుపోతోంది.

దుంపలు తవ్వుకుపోతారన్న భయంతో చాలా హెర్బేరియాలు అరుదైన మొక్కల చీటీలు కంప్యూటర్లో పెట్టేటప్పుడు చోటు వివరాలు దాచేస్తున్నాయి. షిరూయ్ లిల్లీకి ఆ వీలూ లేదు. కొండ పేరే దాని పేరైపోయిందాయె.