నేల టిక్కెట్టు

ఊరూరు తిరుగు నాటకములు, సర్కసులు, గాన కచేరీలు మున్నగువానిని చూడ వేడుకపడని వారరుదు. కాని టిక్కెట్టు వెల వినినంతనే సామాన్య గృహస్థుని యుత్సాహము సగమగుచున్నది. ఆ వెల యేల హెచ్చుచున్నది, దానిని న్యాయమార్గమున తగ్గించుకొను ఉపాయములెవ్వి అను రెండు సంగతులను నేడు విన్నవింతును. పట్టణములో జరుగు ప్రదర్శనమునకు పోయెదమని పిల్లలడిగినపుడు పైకమిచ్చువారు ఇంటి పెద్దలు. కావున ఈ లెక్క పెద్దలే ముందు తెలిసికొనుట మంచిది.

మన చొప్పదండి ప్రాంతమున టిక్కెట్టను మాట పుట్టకమునుపే ప్రదర్శనములు గలవు. చిందు భాగవతులు యక్షగానములాడుదురు. ఒగ్గువారు బీరప్ప కథ, మల్లన్న కథ చెప్పుదురు. ఒగ్గు కథకు పేరుగాంచిన మిద్దె రాములుగారు మన పాత కరీంనగరు జిల్లాలోని హనుమాజీపేట వాస్తవ్యులు. చిందువారికి గ్రామములపై మిరాసి హక్కుండెడిది. ఒగ్గు కథను మ్రొక్కుకొన్న ఇంటివారో, కులమువారో చెప్పించెడివారు. ధాన్యమో, వస్త్రమో, పైకమో ఇచ్చువారు కొందరు, చూచువారు ఊరందరు. ఖర్చు కొందరిది, వినోదము అందరిది. ఇదియే మన పెద్దలెరిగిన మొదటి పద్ధతి.

రెండవ పద్ధతి టిక్కెట్టు పద్ధతి. దీనికి సురభి సమాజమే మంచి నిదర్శనము. 1885వ సంవత్సరమున కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో ఈ సమాజమునకు నాంది పలికిరి. అది క్రమముగా పెక్కు శాఖలై తెలుగు దేశమంతట సంచరించినది. వానిలో 1937లో వెలసిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి యొకటి. దానిని చిరకాలము నడిపిన నాగేశ్వరరావుగారు, బాబ్జీయని ప్రసిద్ధులు, 2013లో పద్మశ్రీ బిరుదమందిరి, 2022లో కీర్తిశేషులైరి.

సురభివారి టిక్కెట్టు బీదలకు అందుబాటులో నుండుటకు కారణములు రెండు. వారు కుటుంబముతో కూడ నటించువారు. తాత మొదలు మనుమరాలి వరకు ఒక్కొక్కరికి ఒక వేషము. తెరలు, కిరీటములు, యంత్రపు కీలుకట్లు అన్నియు స్వంతము. ఇది మొదటిది. ఒక ఊరిలో హాలు కట్టినచో దినమునకొక నాటకమాడుచు నెలల తరబడి నిలుచుట రెండవది. ఈ రెండవ దానిని లెక్కవేసి చూతము. సామాను తెచ్చి, హాలు నిలుపుటకు 90,000 రూపాయలైనవనుకొందము. ముప్పది రాత్రులు ఆడినచో ఒక్కొక్క రాత్రిపై పడునది 3,000. ఒకే రాత్రి ఆడి వెడలినచో ఆ 90,000 రూపాయలును ఆ రాత్రి వచ్చినవారే భరింపవలెను. నేటి పెద్ద గాయకుల సంచార కచేరీలకు వెల హెచ్చుటకు ముఖ్యకారణమిదియే. లారీలకొలది దీపములు, ధ్వని యంత్రములు, వేదిక సామాను మోసికొని వచ్చి, ఒకటి రెండు రాత్రులలోనే మరలిపోవుదురు.

ఇక తరగతుల మర్మము. నేల, బెంచీ, కుర్చీ యని పూర్వము మూడు తరగతులుండెడివి. ఇది కేవలము గొప్పవారికి, బీదలకు భేదము చూపుటకని తలపరాదు. ఒక రాత్రి ఖర్చు 60,000 రూపాయలు, ప్రేక్షకులు 600 మంది యనుకొందము. అందరిని సమానముగా అడిగినచో తలకు 100 రూపాయలు. అట్లుగాక కుర్చీలు 100, ఒక్కొక్కటి 300. బెంచీ చోట్లు 200, ఒక్కొక్కటి 75. నేలపై 300 మంది, ఒక్కొక్కరికి 50 అని నిర్ణయించినచో మొత్తము 60,000 రూపాయలే వచ్చును. కుర్చీవాడు తన సుఖమునకు ఎక్కువ ఇచ్చి, నేలవానికి సగము వెల మిగిల్చినాడు. పాత మిరాసి ధర్మమే టిక్కెట్టులో రూపుమార్చుకొని యున్నదన్నమాట. ఏ ప్రదర్శనములో నేల తరగతి తీసివేయుదురో, అందు బీదవానికి తలుపు మూసినట్లే. కావున నేల టిక్కెట్టు కొనుటకు సిగ్గుపడ పనిలేదు. పద్యము నేలకును కుర్చీకిని ఒకేరీతి వినబడును.

ఇప్పుడు ఉపాయములు చెప్పుచున్నాను.

మొదటిది: తక్కువ తరగతి చోట్లు ముందుగా చెల్లిపోవును. కావున ప్రకటన వెలువడిన దినముననే విచారింపవలెను. పెక్కు దినములు జరుగు నాటకములకును, సర్కసులకును ఆదివారము విడిచి పనిదినమున పోయినచో రద్దీ తక్కువ, మంచి చోటు దొరకును.

రెండవది: పన్ను సంగతి. నాటకము, సర్కసు, సంగీత సభల ప్రవేశ రుసుము 500 రూపాయలకు మించనిచో దానిపై జి.ఎస్.టి. లేదు. 2017లో ఈ పరిమితి 250 రూపాయలుండగా 2018 జనవరిలో 500కు పెంచిరి. మించినచో మొత్తముపై నూటికి 18 వంతున పడును. 500 రూపాయల టిక్కెట్టుకు 500 ఇచ్చిన చాలును. 600 రూపాయల టిక్కెట్టు 708 రూపాయలగును. ఫోనుద్వారా కొన్నచో సేవా రుసుమను పేర మరికొంత చేరును. ప్రకటనలోని వెలగాక, చివర చెల్లింపవలసిన మొత్తమునే చూడవలెను. హాలువద్ద గవాక్షమున అమ్మకమున్నచో అచ్చటనే కొనుట లాభము.

మూడవది: మిగిలిన చోట్ల బేరము. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన కుర్చీ రేపటికి విలువలేనిది. ఈ సూత్రముపై అమెరికాలోని న్యూయార్కు నగరమున 1973 నుండి ఒక అంగడి నడచుచున్నది. ఆ దినపు ప్రదర్శనములలో అమ్ముడుపోని టిక్కెట్లను అచ్చట తగ్గింపు ధరకు అమ్ముదురు. మన పక్షమున అట్టి అంగడి లేకున్నను, పాఠశాల పిల్లలను గాని, ఇరువది ముప్పది మందిని గాని ఒక్కటిగా తోడుకొనిపోవునపుడు నిర్వాహకుని ముందుగా కలిసి తగ్గింపు అడుగుట తప్పుగాదు.

నాలుగవది: ఉచితముగా దొరకుదానిని ఎరుగుట. చెన్నపురిలో డిసెంబరు మాసపు సంగీత సభలలో ప్రఖ్యాతుల సాయంకాలపు కచేరీలకు టిక్కెట్టుండును. యువ విద్వాంసుల పగటి కచేరీలు పెక్కు ఉచితములు. తిరువయ్యారులోని త్యాగరాజస్వామి ఆరాధనకు టిక్కెట్టే లేదు. మన హైదరాబాదున 1961లో వెలసిన రవీంద్రభారతిలో సాంస్కృతిక శాఖవారి కార్యక్రమములు అనేకములు ఉచితముగా జరుగును.

ఒక హెచ్చరిక. టిక్కెట్టులన్నియు అయిపోయినవని, తనవద్ద ఒకటి యున్నదని రెండింతలు, పదింతలు అడుగువాడు తటస్థించును. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే యను విదేశ గాయక బృందము ముంబయి చేరువను, అహమ్మదాబాదునను పాడినది. ఆ టిక్కెట్ల చాటు వ్యాపారము లక్షలకెక్కినది, నకిలీలును బయలుదేరినవి. 2024 అక్టోబరులో ఎన్‌ఫోర్స్‌మెంటు శాఖవారు పలు నగరములలో సోదాలు జరిపిరి. చిత్రమేమనగా, ఆ బృందమే అహమ్మదాబాదు కచేరీకి కొన్ని టిక్కెట్లను 2,000 రూపాయల వంతున అమ్మినది. వానిని జంటగా కొనవలెను. కూర్చుండు చోటెక్కడో ముందు తెలియదు. ఓపికతో కనిపెట్టుకొని యున్నవారికి అవి దొరకినవి. తొందరపడి చాటున కొన్నవారు దోపిడికి గురియైరి. ఆ 26వ తేదీ కచేరీని ఫోనులో ప్రత్యక్షముగా ప్రసారము కూడ చేసిరి. అప్పుచేసి దళారి చేతిలో పోయవలసినంతటి వినోదము లోకమున లేదని పిల్లలకు నచ్చజెప్పుడు. అంతేగాని, చూడనే వలదని వారిని నొప్పింపకుడు.

దారి ఖర్చును లెక్కింపవలెను. మన యూరినుండి కరీంనగరు మీదుగా హైదరాబాదునకు పోయి వచ్చుటకగు సొమ్ము ఒక్కొక్కపుడు టిక్కెట్టును మించును. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. గుర్తింపు కార్డు మరువరాదు. రాత్రి ఆట ముగియుసరికి బస్సు లేకున్న బస ఖర్చు తోడగును. పగటి ఆట యున్నచో అదియే మేలు.

కడపటి ఉపాయము అన్నిటికంటె మేలైనది. వందమంది పట్టణమునకు పోవుటకంటె సమాజమునే మన ఊరికి పిలిపించుట చౌక. పద్యనాటకములవారు, చిందువారు, ఒగ్గువారు నేటికిని ఒప్పందముపై వచ్చుచున్నారు. రెండు మూడు గ్రామముల పెద్దలు కూడి, జాతర దినములలో వరుసగా ఒక్కొక్క ఊర ఒక్కొక్క రాత్రి ఆడించినచో దారి ఖర్చు పంచుకొనవచ్చును. కలిగినవారు ఎక్కువ చందా వేయుదురు, లేనివారు చాప తెచ్చుకొని ముందు కూర్చుందురు. ఎంత మందికి భోజనము పెట్టవలెనో, దీపములు, మైకు ఎవరివో ముందే మాటలాడుకొని, బయానా ఇచ్చి కాగితముపై వ్రాసికొనుడు. రానున్న జాతరకు ఈ మాట మీ గ్రామసభలో ఎత్తుదురని కోరుచు సెలవు గైకొనుచున్నాను.