సోయా పాలతో ఇంటి కాఫీ: నురగ నిలవాలన్నా, పాలు విరగకూడదన్నా

లాక్టోజ్ జీర్ణం కానివారు, పశువుల పాలు పడనివారు, జంతు సంబంధ ఆహారాన్ని విడిచిపెట్టినవారు కాఫీకి మొక్కల నుంచి తీసిన పాలను వాడుతున్నారు. సోయా చిక్కుడు, బాదం, ఓట్లు, కొబ్బరి, వేరుశనగ ఇందుకు ముఖ్యమైన ముడిసరుకులు. అయితే ఇంట్లో తీసిన ఈ పాలు కాఫీలో రెండు విధాలుగా నిరాశ కలిగిస్తాయి. ఎంత గిలకొట్టినా నురగ కట్టదు, కట్టినా కొద్దిసేపటికే అణగిపోతుంది. కొన్నిసార్లు డికాక్షన్ తగలగానే పాలు విరిగి పలుకులు పలుకులుగా తేలుతాయి. చాలామంది లోపాన్ని గిలకొట్టే పరికరానికి ఆపాదించి ఖరీదైన యంత్రం కొంటారు. నిజానికి ఈ రెండు సమస్యలకూ మూలం ప్రధానంగా ఒకటే. అది పాలలోని మాంసకృత్తుల పరిమాణం, వాటి స్థితి. కనుక సవరణ పాల తయారీ నుంచే మొదలుకావాలి.

నురగ ఎలా నిలుస్తుంది?

నురగ అంటే ద్రవంలో చిక్కుకున్న గాలి బుడగల సముదాయం. గిలకొట్టినప్పుడు పాలలోని మాంసకృత్తుల అణువులు గాలి, నీరు కలిసే అంచుకు చేరి, మడతలు విప్పుకొని, బుడగ చుట్టూ పలుచని పొరగా ఏర్పడతాయి. ఈ పొర తలతన్యతను తగ్గించి బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. మాంసకృత్తులు తక్కువైతే పొర పలచబడి బుడగ పగులుతుంది. పాల నుంచి వేరై పైకి తేలిన నూనె కూడా ఈ పొరను చీలుస్తుంది. ఆవు పాలలో 3 నుంచి 3.5 శాతం వరకు మాంసకృత్తులు ఉండటం వల్లనే వాటి నురగ తేలికగా నిలుస్తుంది.

ఏ పాలు అనువైనవి?

సోయా చిక్కుడు గింజలో సుమారు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె ఉంటాయి. సరైన నిష్పత్తిలో నీరు పోసి తీసిన సోయా పాలలో మాంసకృత్తులు ఆవు పాలకు దగ్గరగా ఉంటాయి. బాదం పాలలో ఇవి తరచు ఒక శాతం దగ్గరే ఆగిపోతాయి. కొబ్బరి పాలలో కొవ్వు అధికం, మాంసకృత్తులు స్వల్పం. అందువల్ల రుచి బాగున్నా నురగ నిలవదు. ఇంట్లో తీసిన ఓట్ల పాలను వేడి చేస్తే అందులోని పిండి పదార్థం ఉడికి జిగురుగా మారుతుంది. వాణిజ్య తయారీలో ఈ పిండిని ఎంజైములతో విడగొడతారు కనుక అక్కడ ఆ ఇబ్బంది కనిపించదు. వేరుశనగ పాలు కొంతవరకు పనికివస్తాయి. అయితే అఫ్లాటాక్సిన్ ప్రమాదం దృష్ట్యా బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన గింజలను తప్పనిసరిగా ఏరివేయాలి. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలలో సోయా చిక్కుడు సాగు ఉన్నందున తెలంగాణలో ముడిసరుకు లభ్యత దృష్ట్యా కూడా సోయా పాలే అనుకూలం.

పాలు ఎందుకు విరుగుతాయి?

సోయా పాల ఉదజని సూచిక 6.5 నుంచి 7 మధ్య ఉంటుంది. కాఫీది సుమారు 5. సోయా మాంసకృత్తులు 4.5 వద్ద తమ విద్యుదావేశాన్ని కోల్పోయి ఒకదానికొకటి అంటుకొని గడ్డకడతాయి. కాఫీ వేడిగా ఉంటే అంతవరకు దిగకముందే గడ్డకట్టడం మొదలవుతుంది. అంటే ఆమ్లత్వం, వేడి జతకూడినప్పుడే నష్టం ఎక్కువ. మూడవ కారణం కాల్షియం. టోఫు తయారీలో సోయా పాలను గడ్డకట్టించడానికి కాల్షియం, మెగ్నీషియం లవణాలనే వాడతారు. కఠిన జలంతో పాలు తీస్తే ఇదే చర్య కొంత మేరకు ఇంట్లోనూ జరుగుతుంది. బోరు నీరు కఠినంగా ఉండే గ్రామాలలో శుద్ధి చేసిన నీటిని వాడటం మేలు.

కాఫీ గింజల ఎంపిక కూడా ముఖ్యమే. తేలికగా వేయించిన అరబికా గింజల కాఫీలో ఆమ్లత్వం ఎక్కువ, ముదురుగా వేయించిన వాటిలో తక్కువ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ కాఫీ అరబికా రకమే. దీనిని సోయా పాలతో తాగదలచినవారు ముదురుగా వేయించిన పొడిని ఎంచుకోవాలి.

పాలు తీసే విధానం

• శుభ్రం చేసిన 100 గ్రాముల సోయా చిక్కుడును 8 నుంచి 10 గంటలు నానబెట్టి, చేతులతో నలిపి పొట్టు తీయాలి.
• గింజలను మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచి తీయాలి. పచ్చి వాసనకు కారణమైన లైపాక్సిజనేజ్ అనే ఎంజైము దీనితో నశిస్తుంది. ఇంతకంటే ఎక్కువసేపు ఉడికిస్తే మాంసకృత్తులు గింజలోనే గడ్డకట్టి పిప్పిలో మిగిలిపోతాయి, పాలు పలచబడతాయి.
• మొత్తం 800 మి.లీ. వేడి నీటిని విడతలుగా పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి.
• పాలను అడుగంటకుండా కలుపుతూ 15 నుంచి 20 నిమిషాలు మరిగించాలి. మరుగు స్థాయికి చేరకముందే సోయా పాలు పొంగుతాయి. ఆ పొంగును చూసి దించితే ట్రిప్సిన్ నిరోధకాలు పూర్తిగా నశించవు, జీర్ణక్రియకు ఇబ్బంది కలుగుతుంది.
• చల్లార్చి శీతల పేటికలో ఉంచి, రెండు మూడు రోజులలో వాడుకోవాలి.

పాలు ఎక్కువ రావాలని నీరు ఒకటిన్నర లీటరుకు పెంచితే మాంసకృత్తుల శాతం దాదాపు సగానికి పడిపోతుంది. నురగ నిలవని పాలలో తరచుగా కనిపించే లోపం ఇదే. మిగిలిన పిప్పిలో పీచు, మాంసకృత్తులు ఉంటాయి కనుక దానిని రొట్టెల పిండిలో, వడలలో కలుపుకోవచ్చు.

నురగ తీసే విధానం

చల్లని పాలతోనే మొదలుపెట్టాలి. పాలను సన్నని మంట మీద వేడి చేస్తూ, గోరువెచ్చగా ఉన్నప్పుడే కవ్వంతో గానీ, బ్యాటరీతో తిరిగే చిన్న గిలకతో గానీ గాలి చేర్చాలి. తొలుత పెద్ద బుడగలు వస్తాయి. గిలకను కొంత లోతుకు దించి తిప్పితే అవి చిన్నవిగా చీలి నురగ మెత్తబడుతుంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే ఆపాలి. 65 డిగ్రీలు దాటనీయరాదు. పరికరం లేనివారు ఎత్తు నుంచి ఒక గ్లాసులోంచి మరొక గ్లాసులోకి తిరగబోసినా సరిపడా నురగ వస్తుంది.

తరువాత డికాక్షన్‌ను పాలలో సన్నని ధారగా పోయాలి. పాలను డికాక్షన్‌లో పోస్తే మొదటి చుక్కలు పూర్తి ఆమ్లత్వాన్ని ఒక్కసారిగా ఎదుర్కొని విరుగుతాయి. పాలలో డికాక్షన్ పోసినప్పుడు ఉదజని సూచిక క్రమంగా తగ్గుతుంది. మరిగే నీటితో అప్పుడే కలిపిన కాఫీ కంటే ఫిల్టరులో దిగి కొంత చల్లారిన డికాక్షన్ మంచిది. అయినా విరుగుతుంటే పావు లీటరు పాలకు చిటికెడు వంట సోడా కలపవచ్చు. మోతాదు మించితే సబ్బు రుచి వస్తుంది. బజారులో కాఫీ కోసం ప్రత్యేకంగా అమ్మే సోయా పానీయాలలో పొటాషియం ఫాస్ఫేటు వంటి లవణాలు ఈ పనే చేస్తాయి.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

నీటి నిష్పత్తి మార్చి మూడు రకాల సోయా పాలు తీసి, ఒక్కొక్కటి 100 మి.లీ. చొప్పున కొలజాడీలో తీసుకొని ఒకే ఉష్ణోగ్రత వద్ద ఒకే వ్యవధి గిలకొట్టాలి. పెరిగిన ఘనపరిమాణాన్ని తొలి పరిమాణంతో భాగించి 100తో గుణిస్తే నురగ సామర్థ్యం శాతంలో వస్తుంది. నురగ ఎత్తును వెంటనే ఒకసారి, 5 నిమిషాల తరువాత మరొకసారి కొలిస్తే దాని స్థిరత్వం తెలుస్తుంది. ఉదజని సూచిక పట్టీలతో డికాక్షన్ కలిపే ముందు, తరువాత కొలతలు నమోదు చేస్తే విరిగే స్థాయి కూడా తేటపడుతుంది.

విస్తరణలో గమనించవలసినవి

స్వయం సహాయక సంఘాల సభ్యులకు సోయా పాల తయారీలో శిక్షణ ఇచ్చేటప్పుడు యంత్రాల కంటే ముందు గింజ, నీటి నిష్పత్తిని, మరిగించే వ్యవధిని నేర్పాలి. ఒక్కసారి కాఫీలో పాలు విరిగిన వినియోగదారు రెండవసారి కొనడు. ఆ నష్టం చిన్న ఉత్పత్తిదారుకు పెద్దది. మన ఆహార ప్రమాణాల ప్రకారం విక్రయ చీటీపై ‘సోయా పాలు’ అని కాక ‘సోయా పానీయం’ అని ముద్రించాలి. ఇంట్లో తీసిన సోయా పాలలో కాల్షియం ఆవు పాల కంటే బాగా తక్కువ కనుక రాగులు, ఆకుకూరలు, నువ్వులు ఆహారంలో ఉండేలా సూచించాలి. వీటిని శిశువులకు పాలకు బదులుగా వాడరాదని, సోయా పడనివారు దూరంగా ఉండాలని స్పష్టంగా చెప్పాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే వంటింట్లో ఉన్న గిన్నె, గుడ్డ, కవ్వంతోనే విరగని, నురగ నిలిచే కాఫీ తయారవుతుంది.