యానాం నెంబరు కారు కోనసీమ షెడ్డులో: అప్పు తీరకముందే నెంబరు మార్చుకోవడం ఎలా?

(మన వాణిజ్య విలేఖరి)

అమలాపురం: ఒక రాష్ట్రంలో కొన్న సరకును ఇంకొక రాష్ట్రంలో అమ్మడం కోనసీమ వర్తకులకు కొత్త కాదు. అంబాజీపేట కాయ దేశంలో చాలాచోట్లకు ఎగుమతి అవుతున్నది. లారీ వెంట ఏ బిల్లు ఉండాలో, ఎక్కడ ఏ కాగితం చూపాలో కొట్లో గుమస్తాకు నోటికి వచ్చు. అదే వర్తకుడి సొంత కారు పొరుగు రాష్ట్రపు నెంబరుతో, పైగా ఫైనాన్సు అప్పుతో ఇంటికి వచ్చినపుడు మాత్రం ఆ శ్రద్ధ కానరాదు. బండి అమ్మబోయినపుడో, ప్రమాదం జరిగినపుడో, రవాణా శాఖవారు రోడ్డు మీద ఆపినపుడో కాగితాలు బయటికి వస్తాయి.

ఇట్లాంటి కార్లు మూడు రకాలు. హైదరాబాదులో గాని చెన్నైలో గాని కొంతకాలం వ్యాపారం చేసి తిరిగివచ్చినవారి బండ్లు ఒకటి. పొరుగు రాష్ట్రాలలో పాతబండిగా కొనితెచ్చినవి రెండు. మూడవది ఈ ప్రాంతానికే ప్రత్యేకం. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే యానాం, అంటే పుదుచ్చేరి పాలనలోని భూమి. అక్కడి బండ్ల నెంబరు పి.వై. 04తో మొదలవుతుంది. అక్కడ పన్ను తక్కువ కనుక అక్కడ రిజిస్టరు చేయించి ఇక్కడ తిప్పుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు.

యానాంలో నిజంగా ఇల్లో దుకాణమో ఉండి, బండిని అక్కడే ఉంచుకునే వర్తకుడికి ఇందులో తప్పేమీ లేదు. యజమాని నివాసం గాని, వ్యాపార స్థలం గాని ఉండి, బండిని మామూలుగా ఎక్కడ ఉంచుతారో అక్కడ రిజిస్టరు చేయించాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. ఎవరిదో అద్దె ఇంటి చిరునామా పెట్టి నెంబరు తెచ్చుకున్నవారి సంగతి వేరు. తప్పుడు వివరాలతో పొందిన రిజిస్ట్రేషనును రద్దు చేసే అధికారం అదే చట్టంలో ఉన్నది. పుదుచ్చేరి నెంబర్ల ఖరీదైన కార్ల విషయమై 2017లో కేరళలో సినీనటుల మీద సైతం కేసులు నడిచాయి. ఆ తప్పుడు చిరునామాయే అప్పు పత్రంలోకీ, బీమా పాలసీలోకీ ఎక్కుతుంది. పన్నులో మిగిలిన సొమ్ము చూసుకునేవారు ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇక చట్టం మాట. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది. బండిని వేరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే 47వ సెక్షను కింద కొత్త నెంబరు కోరాలి. ఆ గడువు ముగిసిన 30 రోజులలో ఫారం 27లో దరఖాస్తు ఇవ్వాలన్నది 1989 కేంద్ర నిబంధన. ఈ 12 నెలలను పన్ను మినహాయింపుగా భావించేవారు మార్కెట్టులో చాలామంది ఉన్నారు. అది పొరపాటు. నెంబరు కేంద్ర చట్టపు వ్యవహారం. వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోని అంశం. రాష్ట్రంలో వాడే బండి మీద, వాడుకకు ఉంచిన బండి మీద పన్ను వేసే అధికారం మన రాష్ట్ర చట్టానికి ఉన్నది, దానికి 47వ సెక్షను గడువుతో సంబంధం లేదు.

అప్పు ఉన్న బండికి అసలు చిక్కు నిరభ్యంతర పత్రం దగ్గర వస్తుంది. వాడుకలో దీన్ని ఎన్.ఓ.సి. అంటారు. ఈ ఒక్క పేరుతో మూడు వేర్వేరు కాగితాలున్నాయి. బండిని వేరే రాష్ట్రానికి తీసుకుపోవడానికి అప్పిచ్చిన బ్యాంకు లేక ఫైనాన్సు కంపెనీ ఇచ్చే అంగీకారం మొదటిది. పాత రిజిస్ట్రేషను ఆఫీసు ఫారం 28 మీద ఇచ్చేది రెండవది. అప్పు పూర్తిగా తీరాక ఫారం 35తోపాటు ఫైనాన్షియరు ఇచ్చేది మూడవది. బ్యాంకుకు వెళ్లి ఊరికే ‘ఎన్.ఓ.సి. కావాలి’ అంటే, అప్పు తీరిందా అని అడిగి పంపివేస్తారు. రాష్ట్రం మార్పు నిమిత్తం అని, ఏ ఊరి ఆఫీసుకు మారుస్తున్నదీ దరఖాస్తులో స్పష్టంగా రాయాలి.

ఈ మొదటి కాగితం విషయంలో 51వ సెక్షను అప్పుదారుకు అనుకూలంగా ఉన్నది. దరఖాస్తు అందిన ఏడు రోజులలో ఫైనాన్షియరు అంగీకారం ఇవ్వాలి, లేదా నిరాకరించి కారణాలు రాతపూర్వకంగా తెలపాలి. రెండూ చేయకపోతే అంగీకారం ఇచ్చినట్టే భావించాలని చట్టం అంటున్నది. కనుక దరఖాస్తు రశీదు వచ్చేటట్టు స్పీడ్ పోస్టులో పంపాలి, లేదా కౌంటరులో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. నోటిమాటకు ఏడు రోజుల లెక్క నడవదు. అయితే కిస్తీలు బాకీ ఉంటే ఆ కారణం రాసి నిరాకరించే హక్కు ఫైనాన్షియరుకు ఉన్నది. ఏడు రోజుల నిబంధనను అంగీకార పత్రానికి మారుగా వాడుకోవడం కన్న, ఆ పత్రాన్ని త్వరగా రాబట్టడానికి వాడుకోవడమే మేలు. కాగితం చేతిలో లేనివాడితో ఆఫీసు గుమస్తాలు ఎట్లా మాట్లాడతారో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఉదాహరణకు, చెన్నైలో 60 కిస్తీల అప్పు మీద కారు కొని, 20 కిస్తీలు కట్టాక వ్యాపారం అమలాపురానికి మార్చిన వర్తకుని తీసుకుందాం. ఆయన మొదట బ్యాంకు అంగీకారం పొందాలి. తరువాత చెన్నైలోని ఆఫీసుకు ఫారం 28 పెట్టాలి. వారు పన్ను బాకీలు చూస్తారు, బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక తెప్పిస్తారు. కట్టని చలానాలు ముందే కట్టివేయడం మంచిది. 30 రోజులలో నిరాకరించకపోతే ఇదికూడా ఇచ్చినట్టే లెక్క. ఆ తరువాత అమలాపురంలో ఫారం 27, బండి తనిఖీ, పన్ను చెల్లింపు, కొత్త నెంబరు. కొత్త ఆర్.సి.లో సైతం బ్యాంకు హైపోథికేషను నమోదై ఉండాలి. అది జారిపోతే సంతోషించవలసిన పని లేదు. అప్పు పత్రానికీ ఆర్.సి.కీ పొత్తు కుదరక తరువాత తిరుగుడు పెరుగుతుంది.

పన్ను విషయంలో వర్తకుల లెక్క వేరుగా ఉండాలి. వేరే రాష్ట్రపు బండికి జీవితకాల పన్ను దాని ధర, వయస్సును బట్టి కడతారు. వయస్సు పెరిగినకొద్దీ పన్ను తగ్గుతుంది. ధరకు రుజువు మొదటి కొనుగోలు ఇన్‌వాయిసే కనుక దాన్ని పారవేయరాదు. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగం తిరిగి ఇవ్వడం ఆ రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. కర్ణాటకలో ఈ పద్ధతి ఉన్నది, కాని కొత్త రాష్ట్రంలో రిజిస్టరు అయినట్టు రుజువు చూపాలి. అంటే ముందు ఇక్కడ కట్టి, తరువాత అక్కడ అడగాలి. ఆ నడుమ సొమ్ము ఇరుక్కుపోతుంది.

ఈ కారణం చేత, నాలుగైదు కిస్తీలే మిగిలి ఉంటే అప్పు తీర్చివేసి, పాత ఆఫీసులోనే హైపోథికేషను కొట్టివేయించుకుని బండి తేవడం మేలని మా అభిప్రాయం. ముందుగా తీర్చినందుకు బ్యాంకు వసూలు చేసే రుసుము ఎంతో అడిగి, తిరుగుళ్ల ఖర్చుతో పోల్చుకోవాలి. సగానికి పైగా అప్పు ఉన్నవారికి ఈ సలహా వర్తించదు.

పాతబండి కొనేవారిలో ఇంకొక ప్రమాదకరమైన అలవాటున్నది. ‘బండి నీ పేరునే ఉండనీ, కిస్తీలు నేను కడతాను’ అని దళారీ సమక్షంలో మాట అనుకుంటారు. ఫైనాన్షియరు లిఖిత అంగీకారం లేనిదే యాజమాన్యం మారదు. ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్.సి.లో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాయ కుళ్లితే వాసన తెలుస్తుంది, కాగితం కుళ్లితే క్లెయిము పెట్టే రోజుదాకా తెలియదు.

కొత్తబండిని పొరుగు రాష్ట్రంలో కొని, తాత్కాలిక నెంబరుతో తెచ్చి జాప్యం చేసేవారు రాజస్థాన్ కాంట్రాక్టరు ఒకరి కేసు గుర్తుంచుకోవాలి. ఆయన పంజాబులో బండి కొన్నారు. తాత్కాలిక రిజిస్ట్రేషను 2011 జులై 19తో ముగిసింది. అదే నెల 28న జోధ్‌పూర్‌లో ఆ బండి దొంగలపాలయింది. రిజిస్ట్రేషను లేని బండిని వాడినందున బీమా సొమ్ము చెల్లించనక్కరలేదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. శాశ్వత నెంబరు ఉండి, 12 నెలలు దాటిన బండికి ఈ తీర్పు నేరుగా వర్తించదు. అయినా బీమా కంపెనీలు రిజిస్ట్రేషనును ఎంత నిశితంగా చూస్తాయో దీనివల్ల తెలుస్తున్నది.

2021లో వచ్చిన బి.హెచ్. నెంబరు గురించి కొందరు అడుగుతున్నారు. అది ప్రభుత్వోద్యోగులకు, రక్షణ సిబ్బందికి, నాలుగు లేక అంతకుమించి రాష్ట్రాలలో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఉద్దేశించినది. సొంత కొట్టు నడిపే వర్తకుడికి వర్తించదు.

కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది. కాగా కొందరి పత్రాలలో ఇంకా తూర్పు గోదావరి జిల్లా అని ఉన్నది. ఆధారు, పాన్, అప్పు పత్రం, పాలసీ ఒకే చిరునామా చూపేటట్టు ముందే సవరించుకుంటే ఆఫీసులో ఒక తిరుగుడు తగ్గుతుంది. కొత్త నెంబరు వచ్చిన వెంటనే బీమా కంపెనీకి, బ్యాంకుకు ఆర్.సి. నకలు పంపి రశీదు తీసుకోవాలి. ఫాస్టాగ్‌లో కూడా నెంబరు మార్పించాలి. లేనిచో ఈతకోట టోల్‌గేటు దగ్గరే మొదటి పేచీ వస్తుంది.